ఎదిగిన బిడ్డకు దిగులు సోకినప్పుడు

అనంతపురము మెట్టసీమలో కరవును ఎరుగనివారు లేరు. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించుటచేతను, తూర్పుతీరము దూరమగుటచేతను ఈ పీఠభూమికి రెండు ఋతుపవనములును కొసరుగానే దక్కును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదియైనను వేళకు పడునను నమ్మకము లేదు. వేరుసెనగ విత్తి ఆకసమువంక చూచుచు గడపిన దినములు మనకు కొత్త కాదు. ఆ కరవునుగూర్చి రచ్చబండమీద మాటలాడుకొందుము, అర్జీలు పెట్టుకొందుము. కాని మన యిండ్లలో ఎవరును పైకి చెప్పుకొనని బాధ యొకటి కలదు. చదువు ముగించి, ఉద్యోగమో సేద్యమో చేయవలసిన కుమారుడు గోడవైపు తిరిగి పరుండి లేవకుండుట. పెండ్లియై బిడ్డతల్లియైన కుమార్తె పుట్టింటికి వచ్చి, పిలిచినను పలుకకుండుట. తల్లిదండ్రులు ఈ సంగతి ఇరుగుపొరుగుకు తెలియనీయరు. ఒక్కొక్కప్పుడు తమలో తామును చెప్పుకొనరు. ఆ యిండ్లవారికి ఉపకరించునను ఆశతో కొన్ని విషయములు మనవి చేయుచున్నాము.

వైద్యులు ఈ జబ్బును కుంగుబాటు అందురు. దానికి తోడుగా తరచు వచ్చునది ఆందోళన. మన పల్లెలలో ఈ పేర్లు వాడుకలో లేకపోవచ్చును గాని జబ్బు లేకపోలేదు. “బేజారుగా ఉంది”, “దిగులు పట్టుకుంది”, “గుండె దడదడమంటాంది” అను మాటలలో అది వినబడుచునే యుండును. మనసు బాగులేదని చెప్పుకొనుటకు సిగ్గుపడువారు తలనొప్పియనియు, కడుపులో మంటయనియు, ఒళ్ళంతయు నీరసమనియు చెప్పుదురు. వారు అబద్ధమాడుట లేదు. ఈ జబ్బు శరీరమునందును నిజముగానే కనబడును.

దుఃఖమునకును కుంగుబాటునకును భేదము కలదు. పంట పోయినవాడు ఏడ్చును. కాని మనుమడు వచ్చి ఒడిలో కూర్చున్నప్పుడు క్షణమైనను నవ్వును. కుంగుబాటు పట్టినవానికి ఆ నవ్వు రాదు. రెండు వారములకు మించి, ఇంచుమించు ప్రతిదినమును, దినములో అధికభాగము మనసు బరువుగానుండుట, మునుపు ఇష్టమైన వానియందు రుచి పోవుట, నిద్రయు ఆకలియు తప్పుట లేదా మితిమీరుట, చిన్నపనికే అలసిపోవుట, బుద్ధి నిలువకుండుట, తాను ఎందుకును పనికిరాననియు, ఇంటికి బరువైతిననియు తలంచుట, బ్రతుకుమీద విరక్తి. వీనిలో అనేకము ఒక్కసారి కనబడినచో అది స్వభావము కాదు, జబ్బు. ఆందోళన తోడైనచో ఏదో కీడు జరుగబోవుచున్నదను భయము విడువదు. అరచేతులు చెమర్చును, ఊపిరి ఆడనట్లుండును, నలుగురిలోనికి పోవుటకు కాళ్ళు రావు.

ఇది అరుదైన జబ్బు కాదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేక్షణను బట్టి, వయోజనులలో ఇంచుమించు 20 మందికి ఒకరు జీవితకాలమున ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటునకు లోనగుచున్నారు. ఇట్టి సామాన్య మానసిక రుగ్మతలు కలవారిలో సుమారు 85 శాతమునకు చికిత్సయే అందుట లేదని కూడ ఆ సర్వేక్షణ తేల్చినది. అనగా మన వీధిలోను ఇట్టి యిల్లు ఒకటి యుండవచ్చును. ఆ యింటివారు తమకు మాత్రమే ఈ కష్టము వచ్చినదని తలుపు మూసికొని యుండవచ్చును.

ఇది ఎందుచేత వచ్చును? ఒక్క కారణము చెప్పుటకు వీలులేదు. కొందరికి వంశమునందే ఈ తత్త్వముండును. కొందరికి ప్రసవమైన పిమ్మట వచ్చును. గ్రంథిదోషములవలనను, రక్తహీనతవలనను ఇట్టి లక్షణములే కనబడవచ్చును గనుక ముందుగా థైరాయిడ్ పరీక్షయు రక్తపరీక్షయు చేయించుట మంచిది. మద్యపానము దీనిని పెంచును. వీనికి మన సీమ కష్టములు తోడగును. వరుసగా పంటలు పోవుట, బోరు వెంట బోరు త్రవ్వించి అప్పుపడుట, పని వెదకికొనుచు బెంగుళూరుకు వలసపోయి అక్కడ నిలద్రొక్కుకొనలేక తిరిగివచ్చుట, ఇంటిల్లిపాది ఆశలను ఒక్క చదువరి మోయవలసివచ్చుట. అయినను కష్టపడిన ప్రతివానికి ఈ జబ్బు రాదు. కష్టమేమియు లేనివానికి సైతము రావచ్చును. కావున “మా పెంపకములో ఏమి లోపము?” అని తల్లిదండ్రులు తమ్ము తాము నిందించుకొన నక్కరలేదు. “వీనికేమి తక్కువ?” అని బిడ్డను నిందించుటయు తగదు. వాన రాక బీడుపడిన చేనిని సోమరియని తిట్టిన రైతు మన సీమలో లేడు. ఆ న్యాయమునే బిడ్డయెడలను చూపవలెను.

చంటిబిడ్డకు జ్వరము వచ్చినచో ఎత్తుకొని వైద్యునియొద్దకు పోవుదుము. పాతికేండ్ల బిడ్డను అట్లు ఎత్తుకొనిపోలేము. ఆతడు రానన్నచో రాడు. ఆమె మందు వేసికొననన్నచో వేసికొనదు. ఆజ్ఞాపించినకొలదియు దూరమగుదురు. ఇక్కడనే తల్లిదండ్రులకు చేతులు కట్టివేసినట్లుండును. బిడ్డ మనస్సు మన చేతిలో లేదు గాని, ఆ బిడ్డ ఉదయము లేచి అడుగుపెట్టు ఇల్లు మన చేతిలోనున్నది. ఆ యింటిలో ఏ మాటలు వినబడునో అది మన చేతిలోనున్నది. ఈ ప్రసంగమున మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

ఇది ఓదార్పుకొరకు చెప్పిన మాట కాదు. లండనులో జార్జి బ్రౌను అను సామాజిక శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 1950ల చివరినుండి, ఆసుపత్రినుండి ఇల్లు చేరిన మానసిక రోగులలో మరల జబ్బుపడువారెవరని పరిశీలించిరి. ఇంటివారి మాటలలో దెప్పులును కటువైన విమర్శయు అధికముగానున్నచోట జబ్బు తిరుగబెట్టుట అధికముగా కనబడినది. 1976లో క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ అనువారు ప్రకటించిన పరిశోధనలో కుంగుబాటు గలవారిని కూడ చూచిరి. వీరు విమర్శకు మరింత సున్నితులనియు, కొద్దిపాటి దెప్పులే వీరిని తిరిగి క్రుంగదీయుననియు తేలినది. ఇంటివారే జబ్బు తెచ్చిరని దీని యర్థము కాదు. కోలుకొనుటలో ఇంటివారి మాట మందువలె సాయపడగలదనియు, అపథ్యమువలె చెరుపగలదనియు మాత్రమే అర్థము.

మన దేశమున ఈ సత్యమును అనుభవముచే గ్రహించినవారు ముందే కలరు. 1950లలో అమృతసరస్సు మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగులతోపాటు వారి కుటుంబములను కూడ అక్కడనే ఉంచుకొనెను. రోగికి చేయు ఉపచారమును ఇంటివారు కన్నులార చూచి, నేర్చుకొని, ధైర్యముతో ఇంటికి మరలెడివారు. మన రాయలసీమవారు తరతరములుగా వైద్యమునకు పోవు వేలూరులో, క్రైస్తవ వైద్యకళాశాలవారు 1957లో నెలకొల్పిన మానసిక ఆరోగ్య కేంద్రమునందును రోగితో ఇంటివారొకరు ఉండుట పద్ధతిగా పెట్టిరి. ఇతర దేశములలో రోగిని కుటుంబమునకు దూరముగా ఉంచుచుండిన కాలమున, మన వైద్యులు కుటుంబమునే చికిత్సలో భాగస్వామిగా చేసికొనిరి.

ఇక ఇంటి మాటలనుగూర్చి. మన యిండ్లలో ప్రేమతోనే పలుకు కొన్ని మాటలు కలవు. “నీ ఈడోళ్ళంతా బెంగుళూరులో సంపాదిస్తాంటే నువ్వు పండుకొనుండావు”, “మేము పడిన కష్టాల ముందర నీదేం కష్టం?”, “మనసు గట్టి చేసుకోవాల గానీ...” అనునవి అట్టివి. పలికినవారి యుద్దేశము బిడ్డలో పౌరుషము రేపుటయే. కాని తాను పనికిరానివాడనని పగలురేయి తనలో తాను అనుకొనుచున్నవానికి ఆ మాట మరియొక సాక్ష్యమువలె తోచును. కాలు విరిగినవానిని పరుగెత్తుమని ఎవరమును అనము. వీనిని మాత్రము “లే, లేచి నలుగురితో తిరుగు” అని పదిసార్లు అందుము.

వానికి బదులుగా పలుకదగిన మాటలు చిన్నవి. “ఏమప్పా, రాత్రి నిద్ర పట్టిందా?”, “నువ్వు కావాలని చేస్తాండేది కాదని మాకు తెలుసు నాయనా”, “మాట్లాడబుద్ధి కాకుంటే వద్దులేమ్మా, నేను ఊరికే ఇట్ల కూర్చుంటాను.” బిడ్డ నోరు విప్పినప్పుడు నడుమ సలహా చెప్పక చివరవరకు వినుట అన్నిటికంటె కష్టమైన పని. “దేనికి భయపడతావు, ఏమీ కాదు” అని కొట్టివేయుటకంటె “అంత భయమేస్తాందా” అనుట మేలు. ఉద్యోగము, పెండ్లి, అప్పు అను మూడు మాటలను కొన్ని వారములపాటు భోజనపు వేళకు రానీయకున్నచో ఇంటి గాలియే మారును. చుట్టములయెదుట బిడ్డ సంగతి ఎత్తరాదు. ఎత్తవలసివచ్చినచో బిడ్డ అనుమతి పొంది ఎత్తవలెను.

మాట తరువాత పని. కుంగుబాటు పట్టినవాడు, మనసు కుదుటపడిన పిమ్మట పని చేయుదునని ఎదురుచూచును. నిజమునకు చిన్నపని చేయుటవలననే మనసు కొంచెము కొంచెముగా తేరుకొనును. గోవాలో డాక్టర్ విక్రమ్ పటేలును ఆయన సహచరులును ఈ సూత్రముమీదనే ఒక చికిత్సను రూపొందించిరి. మానసిక వైద్యమున పూర్వపు చదువు లేని స్థానికులకు శిక్షణ నిచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఒక్కొక్క రోగితో 6 మొదలు 8 మారులు మాటలాడించి, రోగియే ఎన్నుకొన్న చిన్నచిన్న పనులను మరల అలవాటు చేయించిరి. దానివలన మేలు కలిగినట్లు 2017లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించిరి. మన యింట దీనికి పెద్ద యేర్పాటు అక్కరలేదు. ఉదయము ఒకే వేళకు లేచుట, ఎండ ముదరకముందే చేనిగట్టువరకు తండ్రితో నడచివచ్చుట, మేకపిల్లకు ఆకు వేయుట, తల్లిప్రక్కన కూర్చుండి కాయలొలుచుట చాలును. పని చిన్నదిగానుండవలెను, చేసినచో మెచ్చుకొనవలెను, చేయలేని దినమున ఊరకుండవలెను. ప్రేమచేత అన్ని పనులును మనమే చేసిపెట్టుటయు మంచిది కాదు. అట్లు చేసినచో, తాను పనికిరానను తలంపు మరింత గట్టిపడును.

కాని మంచిమాటయు చిన్నపనియు మాత్రమే చాలని స్థితి కలదు. అప్పుడు వైద్యుడు కావలెను. మనకు పొరుగున బళ్లారి కలదు. 1882లో మన అనంతపురము జిల్లా ఆ బళ్లారినుండియే విడివడినది. 1980లలో నిమ్హాన్స్ వైద్యులు బళ్లారి జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకు శిక్షణనిచ్చి, మానసిక చికిత్సను పల్లెలకే చేర్చవచ్చునని నిరూపించిరి. 1996లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు ఆ ప్రయోగమే మాతృక. నేడు అనంతపురమున 2000లో ఏర్పడిన ప్రభుత్వ వైద్యకళాశాల కలదు. దాని ఆసుపత్రిలో మానసిక వైద్యులను సంప్రదింపవచ్చును. పెద్ద పట్టణమునకు పోనిదే చికిత్స లేదనుకొన నక్కరలేదు.

ఎదిగిన బిడ్డ వైద్యునియొద్దకు రానన్నచో ఏమి చేయవలెను? మోసగించి తీసికొనిపోరాదు, అన్నములో మాత్ర కలిపి పెట్టరాదు. ఆ సంగతి తెలిసిననాడు మన చేతి అన్నముమీదనే బిడ్డకు నమ్మకము పోవును. 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము సైతము తన చికిత్సనుగూర్చి తాను నిర్ణయించుకొను హక్కును, వివరములు గోప్యముగానుండు హక్కును వయోజనునికి ఇచ్చినది. అయినను త్రోవలు కలవు. పిచ్చియను మాట ఎత్తక, “నిద్ర పట్టడంలేదు కదా, దానికి మందు అడుగుదాం” అనవచ్చును. బిడ్డకు చనువుగల మేనమామచేతనో అక్కచేతనో చెప్పింపవచ్చును. అప్పటికిని రాకున్నచో తల్లిదండ్రులే ముందు వైద్యుని కలిసి, తాము ఎట్లు మెలగవలెనో తెలిసికొనవచ్చును.

మందులనుగూర్చి అపోహలు మెండు. కుంగుబాటునకు ఇచ్చు మందులు మరునాడే గుణమియ్యవు; రెండు మొదలు నాలుగు వారములు పట్టును. మొదటి దినములలో కడుపులో వికారమో అలజడియో కలుగవచ్చును. పాతికేండ్లలోపు వారిలో ఆ తొలి వారములలో ఆత్మహత్యా చింతనలు పెరిగిన సందర్భములు కలవు గనుక దగ్గరగా కనిపెట్టియుండి, మార్పు కనబడిన వెంటనే వైద్యునికి తెలుపవలెను. గుణము కనబడిన పిమ్మటను కనీసము ఆరు నెలలు వాడుట సాధారణ నియమము. మానదలచినచో వైద్యుడు చెప్పినట్లు క్రమముగా తగ్గింపవలెను. ఈ మందులు మత్తుపదార్థములవలె వ్యసనము కావు. అలవాటు పడు ప్రమాదము కొన్ని నిద్రమాత్రలకును ఆందోళన మాత్రలకును కలదు. వానిని చీటీ లేకుండ అంగడిలో కొని వాడరాదు. మందుతోపాటు శిక్షణ పొందినవారితో జరుపు సంభాషణా చికిత్సయు మేలు చేయును.

కసాపురము ఆంజనేయస్వామికో కదిరి నరసింహస్వామికో మ్రొక్కుకొనువారిని మేము కాదనము. మ్రొక్కు ఇంటివారికి నిబ్బరమునిచ్చును. మ్రొక్కు చెల్లించుచునే మందు వాడవచ్చును. ఒకదానికొకటి అడ్డు కాదు. కాని దయ్యము పట్టినదని కొట్టించుటయు, పస్తులుంచుటయు మాత్రము కూడదు. అట్లే “పెండ్లి చేస్తే కుదురుకుంటాడు” అను మాటయు. పెండ్లి మందు కాదు. జబ్బు దాచి చేసిన పెండ్లి ఒక బిడ్డ కష్టమును ఇద్దరు బిడ్డల కష్టముగా చేయును. అత్తవారింట క్రుంగి పుట్టింటికి వచ్చిన కుమార్తెను, పరువు పోవునని తొందరపడి తిరిగి పంపుటయు అంతే ప్రమాదము.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక. “నేను లేకపోతే మీకు పీడ వదులుతుంది” అనుట, ప్రియమైన వస్తువులను పంచిపెట్టుట, అప్పులు తీర్చి సెలవు తీసికొనుచున్నట్లు మాటలాడుట, చాల దినములు క్రుంగియుండి హఠాత్తుగా నిశ్చింతగా కనబడుట అపాయసూచనలు. అప్పుడు సంకోచింపక నేరుగా అడుగవలెను: “నాయనా, చచ్చిపోదామని అనిపిస్తాందా?” అడిగినంతమాత్రమున ఆ తలంపు క్రొత్తగా పుట్టదు. అడిగినవారున్నారను ఊరట కలుగును. ఔనని చెప్పినచో కోపపడక, ఏడ్చి ఒట్లు వేయించుకొనక, ఒంటరిగా విడువక, ఆ దినమే వైద్యునియొద్దకు పోవలెను. పురుగుమందులు సేద్యపు ఇంటిలో చేతికందునట్లు ఉండరాదు. మిగిలినదానిని ఇంటనుంచక, ఊరిలో మరియొకరి కొట్టులో తాళము వేసి యుంచవలెను. మాత్రలను తల్లియో తండ్రియో దాచి, దినమునకు సరిపడునన్ని మాత్రమే ఇయ్యవలెను. ఆ ఉద్వేగము తరచు కొద్దిసేపటిలోనే తగ్గుముఖము పట్టును. ఆ కొద్దిసేపు మందు చేతికి అందకుండుటచేతనే ప్రాణములు నిలిచిన సందర్భములు అనేకము.

పోలీసు కేసగునని జడిసి ప్రయత్నమును దాచి, ఆసుపత్రికి ఆలస్యముగా తెచ్చువారు కలరు. ఆ భయము ఇక వలదు. 2017నాటి చట్టము అట్టివారిని తీవ్రమైన మనోవేదనలో ఉన్నవారిగా భావించి, శిక్షింపక ఆదుకొనవలెనని చెప్పినది. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో, పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షనును కొనసాగింపలేదు. పగలైనను రాత్రియైనను ఉచితముగా మాటలాడుటకు టెలిమానస్ అను ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10నుండి కలదు. ఫోనులో 14416 నొక్కినచో తెలుగులోనే మాటలాడవచ్చును. రోగియే కాదు, తల్లియు తండ్రియు కూడ ఆ సలహా పొందవచ్చును.

తల్లిదండ్రులనుగూర్చి ఒక మాట. నెలల తరబడి ఇట్టి బిడ్డను కనిపెట్టియున్న తల్లికి నిద్ర యుండదు. తండ్రి లోలోపల క్రుంగును. ఇద్దరును ఒకరిపై ఒకరు తప్పు మోపుకొన్నచో బిడ్డకు ఆ కలహము మరియొక బరువు. కాపలా వంతులవారిగా పంచుకొనవలెను. నమ్మదగిన చుట్టమునకో స్నేహితునికో సంగతి చెప్పుకొనవలెను. తమకు ఆకలి నిద్రలు తప్పినచో తామును వైద్యుని చూడవలెను. కోలుకొనుట నేరుగా సాగదు; పది దినములు బాగుగానుండి రెండు దినములు మరల క్రుంగవచ్చును. దానిని చూచి అంతయు వ్యర్థమైనదని నిరాశపడరాదు. చికిత్స పొందినవారిలో అధికులు కోలుకొని తమ పనులు తాము చేసికొనుచున్నారు.

మీ యింట ఇట్టి బిడ్డ యున్నచో, నేటి రాత్రికే పురుగుమందు డబ్బాను ఇల్లు దాటించుడు. రేపు ఉదయము ఉద్యోగమునుగూర్చి అడుగకుడు. రాత్రి నిద్ర పట్టినదా యని అడుగుడు. బిడ్డ చెప్పు జవాబును చివరవరకు వినుడు. మీ ఊరి ఆరోగ్య కేంద్రమునకు పోవలసిన దినమును ఆ తరువాత ఇద్దరును కూడి నిర్ణయించుకొనుడు.